సున్నాకీ ఒకటికీ పోటీ

మా వారు బజారునుంచి యాపిల్ పళ్ళు తెస్తే, వాటిమీద అంటించి ఉండే చిన్న కాగితం బిళ్ళని నేను ముందుగా చదువుతాను. "వాషింగ్టన్" అని ఉంటే ఆ పండుని కాస్సేపు చేతిలో అటూ ఇటూ తిప్పి చూసి మరీ కోస్తాను. "పండుతో నీకేమిటే ఆ మంతనాలు?" అంటారాయన. ఏం చెప్పను? ఆ పండు పేరుమీద ఒక బంతాట ఉందనీ, ఆ ఆట ఆడే రెండు కాలేజీల్లో ఒకదానికి నేను పదిహేడేళ్ళుగా వీరాభిమానిననీ, అదీ ఆ కాలేజీ జట్టు పరమ చెత్తగా ఆడిన ఏడాదే నా అభిమానం మొదలయిందనీ చెబితే నవ్వరూ?

మీరూ నవ్వండి, ఫరవాలేదు. కాని నవ్వాక ఈ కథ వినండి.

2008 సెప్టెంబరులో మా చెల్లెలి పురిటికి అమెరికా వెళ్ళాను. అసలు వెళ్ళవలసింది అమ్మ. మోకాళ్ళు సహకరించక, "నువ్వెళ్ళిరావే, నీ పిల్లల్ని నేను చూసుకుంటాను" అని నన్ను విమానం ఎక్కించింది. వాళ్ళుండేది సియాటిల్ పక్కన బెల్‌వ్యూలో. వాషింగ్టన్ అనగానే వాళ్ళ రాజధాని అనుకునేరు! ఆ ఊరు తూర్పు కొసన ఉంది. ఇది పడమటి కొసన, పసిఫిక్ సముద్రం వైపున్న వాషింగ్టన్ రాష్ట్రం. అమెరికాలో యాపిల్ పంట ఎక్కువ పండేది అక్కడే.

నేను వెళ్ళిన వేళావిశేషం ఏమిటోగాని, ఆ ఊరికి అప్పుడు ఏదీ కలిసి రావడం లేదు. సెప్టెంబరు 25న సియాటిల్‌లోని వాషింగ్టన్ మ్యూచువల్ అనే బ్యాంకు మునిగింది. అమెరికా చరిత్రలో అంత పెద్ద బ్యాంకు అంతకుముందు మునగలేదుట. మా మరిది కంప్యూటర్ల ఉద్యోగి. రోజూ సాయంత్రం ఇంటికి రాగానే "ఇవాళ్టికి ఉద్యోగం ఉంది వదినగారూ" అని హాస్యంగా అనేవాడు, కాని ఆ హాస్యంలో తడి ఉండేది కాదు. పోనీ ఆటలు చూసి ఊరట పడదామా అంటే, ఆ ఊరి బేస్‌బాల్ జట్టు ఆ ఏడాది 101 ఆటలు ఓడింది. బాస్కెట్‌బాల్ జట్టయితే 62 ఓడి, ఆ వేసవిలో ఊరే వదిలి ఓక్లహోమాకి తరలిపోయింది. ఇంటల్లుడు అలిగి వెళ్ళిపోయినట్టు ఊరంతా చిన్నబోయి ఉంది.

నా సంగతీ అంతంత మాత్రంగానే ఉంది లెండి. బి.ఏ.లో నాతో చదివిన ఒక స్నేహితురాలుంది. కథలు రాయడంలో నాకూ ఆవిడకీ కాలేజీ రోజులనుంచే పోటీ. ఆ ఏడాది ఇద్దరం ఒక నవలల పోటీకి రాతప్రతులు పంపాం. ముందు ఆవిడది తిరిగొచ్చింది. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది గాని, ఆ రోజు నేను పాయసం చేసుకోలేదన్న మాటేగాని, మనసులో చేసుకున్నంత పనీ అయింది. పది రోజులకి నాదీ తిరిగొచ్చింది. అలాంటి మనసు మూటగట్టుకుని నేను అమెరికాలో దిగాను.

మా చెల్లెలి పక్కింట్లో అరవై దాటిన భార్యాభర్తలుండేవారు. వాళ్ళ గుమ్మానికి అటొక జెండా, ఇటొక జెండా. ఒకటి ఊదా రంగు, బంగారు రంగు. రెండోది ముదురు ఎరుపు, బూడిద రంగు. ఇదేదో నోము కాబోలనుకున్నాను. తరవాత తెలిసింది, ఆయన చదువుకున్నది సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం, ఆవిడ చదువుకున్నది పుల్‌మన్ అనే ఊళ్ళోని వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయం. ఆటల్లో మొదటి జట్టు పేరు హస్కీలు, అంటే మంచుబళ్ళు లాగే కుక్కలు. రెండో జట్టు పేరు కూగర్లు, అంటే కొండల్లో తిరిగే పెద్ద పిల్లి జాతి. కుక్కకీ పిల్లికీ పెళ్ళి చేసి ఒకే ఇంట్లో పెడితే ఎలా ఉంటుందో ఆ సంసారం అలా ఉండేది.

ఆట గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే మన గుండ్రటి బంతి కాదు. వాళ్ళ బంతి పీచు తియ్యని కొబ్బరికాయ ఆకారంలో ఉంటుంది. దాన్ని పొట్టకి కరుచుకుని అవతలి గీత దాటించాలి. దాటిస్తే ఆరు పాయింట్లు, ఆ పైన స్తంభాల మధ్యనుంచి తన్నితే ఇంకొకటి. గీత దాకా పోలేమనుకున్నప్పుడు దూరంనుంచే స్తంభాల మధ్యకి తన్నితే మూడు. అంతకు మించి నాకూ తెలియదు. ఆ మాత్రానికే అభిమానం పెంచుకోవచ్చని మాత్రం తెలిసింది.

ఈ రెండు కాలేజీలది మన పట్నం బంధువులూ పల్లెటూరి బంధువుల వ్యవహారం. పట్నం కాలేజీ 1861లో పుట్టింది. దాని ఆటస్థలం పెద్ద సరస్సు ఒడ్డునే ఉంది, పడవల్లో కూడా వచ్చి చూస్తారు. పల్లె కాలేజీ 1890లో సేద్యం చదువులకోసం పెట్టింది. చుట్టూ గోధుమ చేలు, మెట్టలు. రెండింటికీ మధ్య దూరం దాదాపు 460 కిలోమీటర్లు. మొదటిసారి 1900లో ఆడుకున్నప్పుడు చెరి అయిదు పాయింట్లతో సమానంగా తేలింది. తరవాత మాత్రం పట్నం వాళ్ళదే పైచెయ్యి. గెలుపుల లెక్కలో రెండింతలకు పైగా వాళ్ళవే. 1960 దశకంనుంచి ఈ ఆటకి యాపిల్ కప్పు అని పేరు.

పెద్దావిడకి లెక్కలతో పనిలేదు. ఓడిన అరవై సార్లూ మరిచిపోయి గెలిచిన ముప్ఫై సార్లే చెబుతుంది. 1992లో మంచు కురుస్తుంటే పుల్‌మన్‌లో 42-23తో గెలిచారుట. అవతలివాళ్ళు మాత్రం తక్కువవాళ్ళా? అంతకు ముందు ఏడాదే దేశంలో ప్రథమ స్థానం పంచుకున్నవాళ్ళు. 1997లో సియాటిల్‌కే వెళ్ళి 41-35తో గెలిచి, రోజ్ బౌల్ అనే పెద్ద పండగ ఆటకి అర్హత సంపాదించారు. ఆ భాగ్యం వాళ్ళకి అంతకుముందు పట్టింది 1931లో! "అరవై ఏడేళ్ళు ఎదురు చూశాం" అనేది ఆవిడ, ఏదో నిన్న మొన్న చుట్టాల కోసం స్టేషన్లో కాస్సేపు నిలబడినట్టు.

ఇంతకీ 2008 సంగతి. అమెరికాలో ఈ ఆటలు సెప్టెంబరు ముందు మొదలై నవంబరు ఆఖరుకి ముగుస్తాయి. జట్టుకి డజను ఆటలుంటాయి. పెద్దాయన జట్టు సెప్టెంబరు 6న ఒక ఆటలో ఇంకో రెండు సెకన్లుందనగా గీత దాటింది. గీత దాటిన కుర్రాడు జేక్ లాకర్ సంతోషం పట్టలేక బంతిని గాల్లోకి విసిరేశాడు. అలా విసరడం తప్పుట! దానికి శిక్షగా పదిహేను గజాలు వెనక్కి జరిపారు. అక్కణ్ణించి తన్నిన బంతికి అవతలివాళ్ళు అడ్డం పడ్డారు. 28-27తో ఓటమి. నెల తిరక్కుండా ఆ కుర్రాడి బొటనవేలు విరిగింది. ఇక ఆ జట్టుకి గెలుపన్నది లేదు. శిక్షకుడు టైరోన్ విల్లింగ్‌హామ్ ఆ ఏడాదితో వెళ్ళిపోతాడని అక్టోబరులోనే ప్రకటించేశారు.

పెద్దావిడ జట్టు ఇంకా ఘోరం. శిక్షకుడు పాల్ వుల్ఫ్ ఆ కాలేజీలో ఆడి చదువుకున్నవాడే, పాపం కొత్తగా వచ్చాడు. ఒక ఆటలో 66-3, ఇంకోదాంట్లో 69-0, మరోదాంట్లో 58-0. మధ్యలో ఒక చిన్న కాలేజీ మీద మాత్రం గెలిచారు. ప్రతి శనివారం సాయంత్రం పక్కింటి తలుపు కొట్టి, "ఎంత?" అని అడిగేదాన్ని. ఆవిడ అంకె చెప్పి, "కాఫీ తాగుతావా?" అనేది. లోపల పెద్దాయన తన అంకె తను చూసుకుంటూ కూర్చునుండేవాడు. మామూలు ఏళ్ళలో ఒకరి ఓటమిని ఒకరు నెల రోజులపాటు ఎత్తి చూపుకునేవాళ్ళట. ఆ ఏడాది మాత్రం ఇద్దరూ ఆటల మాట ఎత్తకుండా, ఒకరి కప్పు ఒకరు కడుక్కుంటూ తిరిగారు. ఇంట్లో ఇద్దరికీ జ్వరమొస్తే ఎవరు ఎవరికి కాచిపోస్తారు చెప్పండి?

మా చెల్లెలికి నవంబరు 2న పాప పుట్టింది. ఇరవై ఒకటో రోజు నవంబరు 22, శనివారం, బారసాల. సరిగ్గా అదే రోజున పుల్‌మన్‌లో యాపిల్ కప్పు. అప్పటికి పదకొండు ఆటల్లో కూగర్లది ఒకే గెలుపు. పది ఆటల్లో హస్కీలది సున్నా. పత్రికలవాళ్ళు కప్పు పేరుకి ముందు ఒక అక్షరం తగిలించి చెత్త కప్పు అనే అర్థం వచ్చేలా వెక్కిరించారు. మనమైతే దొందూ దొందే అనేవాళ్ళం, లేదా గుడ్డికన్నా మెల్ల నయమని పెద్దావిడ పక్షం వహించేవాళ్ళం.

భార్యాభర్తలిద్దర్నీ బారసాలకి పిలిచాం. ఆయన ఊదా రంగు చొక్కా, ఆవిడ ఎర్ర స్వెట్టరు వేసుకొచ్చారు. పులిహోర, బొబ్బట్లు తిని, పాపకి అక్షింతలు వేసి, "ఇంక ఆట చూద్దాం రా" అని నన్ను లాక్కుపోయారు. నేను ఆవిడ పక్కనే కూర్చున్నాను. ఒకటి గెలిచినవాళ్ళవైపున్నానన్న ధైర్యమేమో!

విరామానికి 10-0తో హస్కీలు ముందున్నారు. పెద్దాయన ముఖంలో మూడు నెలల తరవాత రంగు కనిపించింది. విరామం అయ్యాక కూగర్ల కుర్రాడొకడు బంతి పట్టుకుని పరుగో పరుగు, 10-7. అక్కడే ఆగిపోయింది. పెద్దావిడ కుర్చీలో కూర్చోవడం మానేసి వంటింటి గుమ్మం దగ్గర నిలబడింది. ఆఖరి నిమిషంలో ఒక దూరపు విసురు అందింది. ఆఖరి సెకనులో నికో గ్రాసూ అనే కుర్రాడు 28 గజాలనుంచి తన్నాడు, 10-10. అదనపు ఆటలో మొదటి విడతకి చెరి మూడూ, 13-13. రెండో విడతలో హస్కీల బంతి స్తంభాలు తప్పింది. మళ్ళీ గ్రాసూ, ఈసారి 37 గజాలు. 16-13!

నేను అరిచిన అరుపుకి పక్కింట్లో నిద్రపోతున్న పసిపిల్ల లేచి ఏడ్చిందని మా చెల్లెలు ఇప్పటికీ దెప్పుతుంది. పెద్దావిడ మాత్రం అరవలేదు. తిన్నగా వెళ్ళి భర్త భుజమ్మీద చెయ్యి వేసి నిలబడింది. ఆయన కాస్సేపు మాట్లాడలేదు. తరవాత, "ఓడక తప్పదంటే నీ చేతిలో ఓడడమే నయం" అన్నాడు. ఆవిడ నవ్వి, "వచ్చే ఏడాది ఈ మాట గుర్తుంచుకో" అంది.

ఆ రాత్రి నాకు మా స్నేహితురాలు గుర్తొచ్చింది. నా నవల తిరిగొచ్చిన రోజున ఊళ్ళో అందరూ ఓదార్చారు. "పోనీలే, ఇంకోటి రాస్తావు" అన్నవాళ్ళే అందరూ. ఆవిడ ఒక్కతే ఫోను చేసి, "మూడో ప్రకరణం తీసెయ్యమని నీకు అప్పుడే చెప్పాను" అంది. అప్పుడు కోపం వచ్చింది. వాళ్ళ ఇంట్లో కూర్చుని ఆలోచిస్తే అర్థమైంది. నా నవలలో మూడో ప్రకరణం ఉందని ఈ ప్రపంచంలో గుర్తున్నది ఆవిడకొక్కదానికే! మన ఓటమి కొలత సరిగ్గా తెలిసేది మన మీద జాలిపడేవాళ్ళకి కాదు, మనతో పోటీపడేవాళ్ళకి.

ఆ తరవాత హస్కీలు మిగిలిన ఒక్క ఆటా ఓడి పన్నెండుకి పన్నెండూ పోగొట్టుకున్నారు. ఆ పడమటి తీరపు కూటమిలో అంతకుముందు అలాంటి ఘనత ఎవరికీ లేదు. పెద్దాయన్ని ఊరడించడానికి మా మరిది ఏదో అనబోతే, ఆయనే నవ్వుతూ ఇంకో కథ చెప్పాడు. పొరుగు రాష్ట్రం ఆరెగన్‌లోనూ ఇలాగే రెండు విశ్వవిద్యాలయాలున్నాయి. 1983 నవంబరు 19న యూజీన్ ఊళ్ళో, వర్షంలో, ఇద్దరూ ఇద్దరే అన్నట్టు ఆడి 0-0తో ముగించారుట. బంతి జారవిడవడాలు, అవతలివాడి చేతికి విసరడాలు, స్తంభాలు తప్పడాలు, ఒకటేమిటి! జనం దానికి టాయిలెట్ బౌల్ అని పేరు పెట్టారు. 1996లో అదనపు ఆట నియమం వచ్చాక సమానంగా ముగియడమే లేదు కనక, పెద్ద కాలేజీల ఆటల్లో ఆఖరి 0-0 అదే. అందులో ఒక జట్టు, ఆరెగన్ స్టేట్, 1971నుంచి 1998దాకా వరసగా ఇరవై ఎనిమిదేళ్ళు గెలుపులకన్నా ఓటములే ఎక్కువ చూసింది. అయినా ఏటేటా జనం వెళ్ళి కూర్చునేవాళ్ళు. "గెలిచిన ఆటలు పుస్తకాల్లో ఉంటాయి, ఇలాంటివి మాత్రం మేం నోటితో చెప్పుకుంటాం" అన్నాడాయన.

నేను తిరిగి రాజమండ్రి వచ్చేశాను. కాని నవంబరు వస్తే మా చెల్లెలికి ఫోను చేసి "ఎంత?" అని అడగడం మానలేదు. 2009లో సున్నా జట్టు కొత్త శిక్షకుడితో లేచి, దేశంలో మూడో స్థానంలో ఉన్న జట్టుని ఓడించింది. ఎంతతోనో తెలుసా? అదీ 16-13తోనే! ఆ నవంబరులో మా కూగర్లని 30-0తో చిత్తుచేసి పెద్దాయన బాకీ తీర్చేసుకున్నాడు. ఓడిపోయిన ఏళ్ళు ఎంతకాలమో నిలవవు. ఇది ఒక ఊరట.

కాని ఓటమి విడగొట్టలేనిది గెలుపూ, డబ్బూ విడగొడతాయని నాకు 2023లో తెలిసింది. 1915లో మొదలైన ఆ తీరపు కూటమి ఒక ఉమ్మడి కుటుంబం లాంటిది. అప్పటికి పన్నెండు విశ్వవిద్యాలయాలు. అందులో లాస్ ఏంజలస్‌వాళ్ళు ఇద్దరు 2022 జూన్‌లోనే వేరు కాపురానికి సిద్ధపడ్డారు. అవతల బిగ్ టెన్ అనే కూటమికి టీవీవాళ్ళు ఏడేళ్ళకి ఏడు వందల కోట్ల డాలర్లకు పైగా ఇస్తున్నారు. ఇక్కడ మిగిలినవాళ్ళకి దొరికిన బేరం యాపిల్ కంపెనీది. చూశారా, అక్కడా యాపిలే! ఆ బేరం నచ్చక 2023 ఆగస్టు 4న హస్కీలు, ఆరెగన్‌తో కలిసి, బిగ్ టెన్‌లోకి వెళ్ళిపోతామన్నారు. చూస్తూండగా పదిమంది పది దార్లు పట్టారు. పాత ఇంట్లో మిగిలింది ఇద్దరే. పుల్‌మన్‌వాళ్ళు, ఆరెగన్ స్టేట్‌వాళ్ళు. ఇద్దరూ పల్లెల కాలేజీలే. వెళ్ళిపోయేవాళ్ళకి ఉమ్మడి ఆస్తిమీద పెత్తనం ఎందుకుండాలని ఇద్దరూ కోర్టుకెక్కారు. గెలిచారు కూడా. 2024లో రెండే రెండు జట్లతో ఆ కూటమి నడిచింది.

వింతేమిటంటే, ఆ 2023 హస్కీలకి మహత్తరమైన ఏడాది. అన్నీ గెలుచుకుంటూ పోయి దేశం మొత్తానికి ఆఖరి పోటీదాకా వెళ్ళారు. 2024 జనవరిలో మిషిగన్ చేతిలో 34-13తో ఓడారు. దానికి ముందు నవంబరు 25న పాత కూటమిలో కడసారి యాపిల్ కప్పు జరిగింది. ఆఖరి సెకనులో గ్రేడీ గ్రాస్ అనే కుర్రాడు తన్ని 24-21తో హస్కీలని గెలిపించాడు. ఉపకార వేతనం లేకుండా ఆడుతున్న ఆ కుర్రాడికి అప్పటికప్పుడు వేతనం ప్రకటించారు. పదిహేనేళ్ళ కిందట గ్రాసూ చేసినట్టే చేశాడన్నమాట, అవతలివైపునుంచి.

ఆ సాయంత్రం మా చెల్లెలు పక్కింటికి వెళితే, గెలిచిన పెద్దాయన గుమ్మం దగ్గర జెండాలు సరిచేస్తున్నాడుట. "అభినందనలు" అంటే, "దేశమంతా మమ్మల్ని మెచ్చుకుంటోంది. కాని ఇంట్లో ఆవిడ నాతో పోట్లాడ్డం లేదు" అన్నాడుట దిగులుగా. ఆ మాట వినగానే నాకు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది.

ఎందుకంటే మా స్నేహితురాలు రాయడం మానేసి అప్పటికి ఆరేళ్ళు. అత్తగారి అనారోగ్యం, పిల్లల చదువులు, ఇల్లు. నా నవలలు రెండు మూడు అచ్చయ్యాయి, ఒకదానికి బహుమతి కూడా వచ్చింది. ఫోను చేసి చెబితే "చాలా సంతోషమే" అంది. అంతే! మూడో ప్రకరణం మాట ఎత్తలేదు. బహుమతి వచ్చిన రోజున నాకెందుకో, చీర కట్టుకుని తయారయ్యాక పేరంటం లేదన్నట్టు అనిపించింది.

కాలేజీలవాళ్ళకి మాత్రం బుద్ధి కలిగింది. కూటమి వేరైనా యాపిల్ కప్పు మానకూడదని ఒప్పందం చేసుకున్నారు. 2024 సెప్టెంబరు 14న సియాటిల్‌లో ఆడితే మా కూగర్లు 24-19తో గెలిచారు. ఆఖర్లో గీత ముందు గోడ కట్టినట్టు నిలబడ్డారుట. 2025 సెప్టెంబరులో పుల్‌మన్‌లోనే 59-24తో చిత్తుగా ఓడారు. ఈసారి పెద్దావిడకే ఫోను చేసి "ఎంత?" అన్నాను. అంకె చెప్పి, "ఇవాళ మధ్యాహ్నంనుంచీ ఈయన పాట ఆపడం లేదు. చెవులు పోతున్నాయి" అంది. ఆ గొంతులో ఎంత సంతోషమో!

ఫోను పెట్టేసి మా స్నేహితురాలికి చేశాను. "నవలల పోటీ ప్రకటన చూశావా? నేను పంపుతున్నాను" అన్నాను. "నాకెందుకే ఇప్పుడు" అంది. "సరే, నీ ఇష్టం. నాకు పోటీ లేకుండా పోతుంది, హాయిగా గెలుస్తాను" అన్నాను. అవతల కాస్సేపు నిశ్శబ్దం.

"ఎన్ని ప్రకరణాలేమిటి?" అంది.

"ఇరవై."

"మూడోది ఒకసారి పంపు, చూస్తాను. ప్రతిసారీ అక్కడే తగలేస్తావు" అంది.